ముప్పై దండీలు ఎలా తీయాలి?



వరి కోతలు ముగిసి కళ్లాల్లో ధాన్యం రాశులు లేచే రోజుల్లో మా బండి ఆత్మకూరు రోడ్డు పక్కన లారీలు వచ్చి ఆగుతాయి. అలాంటి ఒక సాయంకాలం బడి వదిలాక నేనూ, పదో తరగతి పిల్లలు కొందరూ బస్సు కోసం నిలబడి ఉన్నాం. ఎదురుగా హమాలీలు లారీకి ధాన్యం బస్తాలు ఎక్కిస్తున్నారు. ఒక్కో బస్తా 75 కిలోల బరువు.

పిల్లల్లో ఇద్దరు వాదులాడుకుంటున్నారు. ఇద్దరికీ పోలీసు ఉద్యోగం మీద ఆశ. రోజూ తెల్లవారుజామున బడి మైదానానికి వచ్చి కసరత్తు చేస్తారు.

"సార్, రోజుకు ముప్పై దండీలు తీయాలని అనుకున్నాం. నేను ఒకే దమ్మున ముప్పై తీస్తా. వీడేమో పది తీసి కూర్చుంటాడు, మళ్లీ పది, మళ్లీ పది. మధ్యలో కూర్చుంటే అది కసరత్తు ఎట్లయితాది సార్?" అన్నాడు పొడుగువాడు.

"ముప్పై ముప్పయ్యే కదా సార్. లెక్క ఒకటే అయినప్పుడు ఎట్ల తీస్తే ఏముంది?" అన్నాడు రెండోవాడు.

నేను జవాబు చెప్పేలోగా బస్తా దింపి వస్తున్న ఒక పెద్దాయన ఆ మాటలు విని నవ్వాడు. "ఒగ దమ్మున మోస్తే నాలుగు మూటలకే కూలబడతాం నాయినా. మూట దింపినంక ఉత్త చేతుల్తో నడిచొస్తాం సూడు, ఆ నడకే మమ్మల్ని పొద్దుగూకేదాక నిలబెట్టేది" అని మళ్లీ బస్తా కిందికి వీపు వంచాడు.

ఆయన ఏ భౌతికశాస్త్రమూ చదవలేదు. కాని ఆ రెండు వాక్యాల్లో చాలా శాస్త్రం ఉంది. ఎంత పని చేశామన్నది ఒక్కటే చాలదు. ఆ పనిని ఎలా విభజించాం, మధ్యలో విశ్రాంతిని ఎక్కడ ఉంచాం అన్నది కూడా ముఖ్యమే. పని మొత్తం అదే, విశ్రాంతి మొత్తం అదే అయినా అమరిక మారితే ఫలితం మారుతుంది. ఎందుకో చూద్దాం.

సెట్టు అంటే ఏమిటి?

మీ ఇంట్లో ఇడ్లీలు వండేటప్పుడు పిండి అంతా ఒకేసారి పాత్రలో పెట్టరు. వాయి వాయిగా వండుతారు. ఒక వాయి దించి, ఇంకో వాయి ఎక్కిస్తారు. కసరత్తులోనూ అంతే. ఆగకుండా చేసిన ఒక వాయిని 'సెట్టు' అంటారు. పది దండీలు తీసి ఆగితే అది ఒక సెట్టు. అలా మూడుసార్లు చేస్తే మూడు సెట్లు, మొత్తం ముప్పై దండీలు.

దండీలు, బస్కీలు, డంబెల్స్ ఎత్తడం, బార్‌బెల్ ఎత్తడం ఇవన్నీ ఒక జాతి కసరత్తులు. కండరం ఏదో ఒక బరువుకు ఎదురు పనిచేస్తుంది. ఆ బరువు ఇనుముది కావచ్చు, బస్తాది కావచ్చు, మన శరీరానిదే కావచ్చు. ఇలాంటి వాటిని 'నిరోధ వ్యాయామాలు' అందాం.

ముందు లెక్క చూద్దాం

బలాన్ని, ఆ బలం వల్ల వస్తువు కదిలిన దూరంతో గుణిస్తే పని వస్తుందని మీరు చదువుకున్నారు. దండీకి ఆ సూత్రాన్ని వర్తింపజేద్దాం.

మీ బరువు 45 కిలోలు అనుకోండి. దండీ తీసేటప్పుడు శరీరం బరువంతా చేతుల మీద పడదు. కొంత కాలివేళ్లు మోస్తాయి. చేతుల మీద పడేది దాదాపు మూడింట రెండు వంతులు, అంటే 30 కిలోలు. న్యూటన్లలో చెబితే 30 × 9.8 = 294 న్యూటన్లు. ఛాతీ సుమారు 30 సెంటీమీటర్లు, అంటే 0.3 మీటరు పైకి లేస్తుంది. ఒక దండీకి చేసిన పని 294 × 0.3 = 88.2 జౌళ్లు. ముప్పై దండీలకు 2,646 జౌళ్లు.

ఈ లెక్కలో విశ్రాంతి ఊసే లేదు. ఒకే దమ్మున తీసినా, మూడు సెట్లుగా తీసినా పని 2,646 జౌళ్లే. అంటే రెండోవాడు చెప్పిందే నిజమా?

తొందరపడకండి. ఈ లెక్కలో మనం ఒక విషయాన్ని ముందే ఒప్పేసుకున్నాం. ముప్పయ్యో దండీ కూడా మొదటి దండీలాగే 30 సెంటీమీటర్లు లేచిందని అనుకున్నాం. మీ మిత్రుణ్ణి ఒకే దమ్మున ముప్పై తీయమని పక్కన కూర్చుని చూడండి. మొదటి పదీ చక్కగా ఉంటాయి. తర్వాత వేగం తగ్గుతుంది. చివరికి వచ్చేసరికి మోచేతులు సగమే వంగుతాయి, నడుము జారుతుంది, తల మాత్రం పైకీ కిందికీ ఊగుతుంటుంది. నోరు మాత్రం "ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది" అని లెక్క తప్పకుండా చెబుతుంది!

చివరి పది దండీల్లో ఛాతీ 15 సెంటీమీటర్లే లేచిందనుకోండి. వాటిలో చేసిన పని 882 జౌళ్లు కాదు, 441 జౌళ్లే. అతడు నోటితో ముప్పై లెక్కపెట్టాడు. కండరాలు చేసిన పని మాత్రం ఇరవై అయిదు దండీలదే. పైగా ఆ వంకర భంగిమలో నడుముకూ, భుజాలకూ అనవసరపు ఒత్తిడి.

కాబట్టి మొదట గుర్తుంచుకోవలసింది ఇది: నోటి లెక్కా, కండరం లెక్కా ఎప్పుడూ ఒకటి కాకపోవచ్చు.

కండరంలోని నీళ్ల తొట్టి

చివరి దండీలు ఎందుకు కుంటుపడతాయి? ఇందుకు కండరంలోకి తొంగిచూడాలి.

కండరం ముడుచుకోవడానికి నేరుగా ఉపయోగపడే ఇంధనం ఏటీపీ అనే పదార్థం. దీని పూర్తి పేరు ఎడినోసిన్ ట్రైఫాస్ఫేట్. కాని కండరంలో దీని నిల్వ చాలా కొద్ది. పూర్తి బలంతో పనిచేస్తే రెండు మూడు సెకన్లకు మించి రాదు. ఖర్చయిన ఏటీపీని వెంటనే తిరిగి తయారుచేయడానికి పక్కనే క్రియాటిన్ ఫాస్ఫేట్ అనే మరో నిల్వ ఉంటుంది. పూర్తి బలంతో పనిచేస్తే అదీ సుమారు పది సెకన్లలో బాగా తగ్గిపోతుంది. ఆ తర్వాత కండరం గ్లైకోజెన్ అనే పిండిపదార్థాన్ని విడగొట్టి శక్తిని తీసుకోవాలి. ఇంకా నిదానంగా, ఆక్సిజన్ సాయంతో పిండిపదార్థాలనూ కొవ్వునూ ఆక్సీకరణం చేసి తీసుకోవాలి. ఈ దారులు అంత త్వరగా తరగవు, కాని వేగం తక్కువ.

పశువుల కొట్టం దగ్గర నీళ్ల తొట్టిని ఊహించుకోండి. తొట్టిలోకి సన్నని కొళాయి నుంచి నీళ్లు పడుతుంటాయి. మీరు చెంబుతో గబగబా తోడుతుంటే తొట్టి ఖాళీ అవుతుంది. ఆగితే మళ్లీ నిండుతుంది. తొట్టి క్రియాటిన్ ఫాస్ఫేట్ నిల్వ. కొళాయి ఆక్సిజన్ సాయంతో వచ్చే శక్తి. చెంబుతో తోడడం దండీ తీయడం.

ఇక్కడ ఒక విశేషం ఉంది. ఈ తొట్టి ఒకే వేగంతో నిండదు. మొదట్లో వేగంగా, పోనుపోను నిదానంగా నిండుతుంది. సుమారు ప్రతి అర నిమిషానికీ మిగిలిన లోటులో సగం తీరుతుందని అనుకోవచ్చు.

30 సెకన్ల విశ్రాంతికి లోటులో సగం తీరుతుంది.
1 నిమిషానికి నాలుగింట మూడు వంతులు.
1½ నిమిషాలకు ఎనిమిదింట ఏడు వంతులు.
2 నిమిషాలకు పదహారింట పదిహేను వంతులు.

ఇది స్థూలమైన లెక్క. మనిషిని బట్టి, పని తీవ్రతను బట్టి మారుతుంది. చాలా పెద్ద బరువులు ఎత్తినవారికి పూర్తిగా తేరుకోవడానికి మూడు నుంచి అయిదు నిమిషాలు కావాలి. కాని ఈ లెక్క నుంచి ఒక సంగతి తేటతెల్లమవుతుంది. విశ్రాంతిలో అన్నిటికన్నా ఎక్కువ లాభం ఇచ్చేది మొదటి అర నిమిషమే.

లాక్టిక్ ఆమ్లం పేరుకోవడం వల్లనే కండరాలు అలసిపోతాయని పాత పుస్తకాల్లో ఉండేది. ఇప్పుడు శాస్త్రజ్ఞులు అలా అనుకోవడం లేదు. లాక్టేట్‌ను గుండె, ఇతర కండరాలు ఇంధనంగా కూడా వాడుకుంటాయి. క్రియాటిన్ ఫాస్ఫేట్ విడిపోయినప్పుడు పోగయ్యే ఫాస్ఫేటు, కండరంలో పెరిగే ఆమ్లగుణం, నరాల నుంచి వచ్చే ఆదేశం బలహీనపడటం మొదలైన అనేక కారణాలు కలిసి అలసటను కలిగిస్తాయి. విశ్రాంతిలో ఇవి కూడా కొంత కొంత సర్దుకుంటాయి.

అదే విశ్రాంతి, వేరే అమరిక

ఇప్పుడు తొట్టితో ఒక చిన్న లెక్క వేద్దాం. తొట్టిలో 16 చెంబుల నీళ్లు పడతాయనుకోండి. ఒక్కో దండీకి ఒక చెంబు ఖర్చు. దండీలు తీస్తుండగా కొళాయి నుంచి పడే కొద్ది నీటిని లెక్కలోకి తీసుకోవద్దు.

మొదటి పద్ధతి: ఒకే దమ్మున ముప్పై. పదహారో దండీకి తొట్టి ఖాళీ. మిగిలిన పద్నాలుగు దండీలూ సన్నని కొళాయి ధార మీదే లాగాలి. అందుకే ఆ కుంటినడక.

రెండో పద్ధతి: పదేసి చొప్పున మూడు సెట్లు, మధ్య 2 నిమిషాల విశ్రాంతి. విశ్రాంతులు రెండు, మొత్తం 4 నిమిషాలు. మొదటి సెట్టు చివర తొట్టిలో 6 చెంబులు మిగులుతాయి. రెండు నిమిషాల్లో దాదాపు నిండుతుంది. తర్వాతి సెట్ల చివర 5కూ 6కూ మధ్యకు దిగుతుంది. తొట్టి ఎప్పుడూ ఖాళీ కాలేదు.

మూడో పద్ధతి: అయిదేసి చొప్పున ఆరు సెట్లు, మధ్య 48 సెకన్ల విశ్రాంతి. విశ్రాంతులు అయిదు. 5 × 48 = 240 సెకన్లు, అంటే మళ్లీ 4 నిమిషాలే! దండీలు ముప్పయ్యే, విశ్రాంతి నాలుగు నిమిషాలే. కాని ఈసారి తొట్టి 8 చెంబుల కిందికి ఒక్కసారి కూడా దిగదు. నమ్మకం లేకపోతే కాగితం తీసుకుని మీరే లెక్క వేయండి.

ఇదెలా సాధ్యమయింది? తొట్టి వేగంగా నిండే మొదటి అర నిమిషాన్ని రెండో పద్ధతిలో రెండుసార్లే వాడుకున్నాం. మూడో పద్ధతిలో అయిదుసార్లు వాడుకున్నాం. అంతే తేడా.

ఇలా పెద్ద సెట్టును చిన్న గుత్తులుగా విడగొట్టడాన్ని వ్యాయామ శాస్త్రంలో 'క్లస్టర్ సెట్లు' అంటారు. క్లస్టర్ అంటే గుత్తి. బార్‌బెల్ పైకి లేచే వేగాన్ని పరికరాలతో కొలిచి చూస్తే, ఇలా చేసినవారిలో ఆ వేగం చివరిదాకా అంతగా తగ్గడం లేదని పరిశోధకులు గుర్తించారు. చేసినవారికి కష్టం కూడా తక్కువ అనిపిస్తుంది. అయితే నెలల తరబడి సాధన చేశాక పెరిగే బలంలో, కండరాల పరిమాణంలో ఈ రెండు పద్ధతులకూ పెద్ద తేడా కనిపించలేదు. ఏ పద్ధతిలో అయినా సరే, నికరంగా చేసిన పని సమానమైతే ఫలితమూ ఇంచుమించు సమానమే. గుత్తులుగా విడగొట్టడం ముఖ్యంగా ఉపయోగపడేది ప్రతి కదలికా చురుగ్గా, శుభ్రంగా ఉండవలసిన చోట.

మా ఊరి హమాలీ పెద్దాయన చేస్తున్నది సరిగ్గా ఇదే. ఒక బస్తా మోత, ఒక ఖాళీ నడక. మళ్లీ ఒక బస్తా, మళ్లీ ఖాళీ నడక. విశ్రాంతి పనిలోనే కలిసిపోయి ఉంది.

నూరేళ్ల కిందట ఇదే సంగతిని లెక్కగట్టాలని ప్రయత్నించినవాడు అమెరికా ఇంజనీరు ఫ్రెడరిక్ టేలర్. బెత్లెహామ్ ఉక్కు కర్మాగారంలో కూలీలు సుమారు 42 కిలోల ఇనుప దిమ్మెలను మోసి బండ్లకు ఎక్కించేవారు. అంత బరువు మోసే మనిషి రోజులో 43 శాతం కాలమే బరువు కింద ఉండగలడనీ, మిగిలిన 57 శాతం బరువు లేకుండా ఉండాలనీ ఆయన 1911లో తన పుస్తకంలో రాశాడు. అక్కడి కూలీల గురించి ఆయన చెప్పిన కథలో అతిశయోక్తులున్నాయని తర్వాతి చరిత్రకారులు చూపించారు. ఎక్కువ పని రాబట్టడమే ఆయన లక్ష్యం కూడా. అయినా విశ్రాంతి సోమరితనం కాదు, పనికి అవసరమైన భాగమే అన్న మాట మాత్రం నిలిచింది.

ఒకటి విశ్రమిస్తే మరొకటి

టైము తక్కువగా ఉన్నవారికి ఇంకో అమరిక ఉంది. దండీలు ముఖ్యంగా ఛాతీకీ చేతులకూ పని. బస్కీలు తొడలకు పని. ఛాతీ విశ్రాంతి తీసుకుంటున్నప్పుడు తొడలు ఖాళీగా ఎందుకు ఉండాలి?

దండీలు మూడు సెట్లు, బస్కీలు మూడు సెట్లు చేయాలి. ఒక్కో సెట్టుకు అర నిమిషం, సెట్ల మధ్య 2 నిమిషాల విశ్రాంతి. దండీలన్నీ ముగించి బస్కీలు మొదలుపెడితే మొత్తం 13 నిమిషాలు పడుతుంది. అలా కాకుండా ఒక సెట్టు దండీలు, 45 సెకన్లు ఆగి ఒక సెట్టు బస్కీలు, మళ్లీ 45 సెకన్లు ఆగి దండీలు, ఇలా మార్చి మార్చి చేయండి. రెండు దండీల సెట్ల మధ్య ఛాతీకి దొరికే విశ్రాంతి 45 + 30 + 45 = 120 సెకన్లు. అవే రెండు నిమిషాలు! మొత్తం పట్టే కాలం మాత్రం 6 నిమిషాల 45 సెకన్లే. దాదాపు సగం.

దీన్ని 'సూపర్ సెట్టు' అంటారు. వేర్వేరు కండరాలకు పనిచెప్పే కసరత్తులను జతచేస్తేనే ఈ లాభం. ఒకే కండరానికి రెండు కసరత్తులు వెంటవెంటనే పెడితే రెండోదానిలో చేయగలిగిన సంఖ్య పడిపోతుంది. ఇంకో మాట. కండరాలు వంతులు మార్చుకుంటాయి గాని, గుండెకూ ఊపిరితిత్తులకూ వంతు మార్చుకునే వీలు లేదు. అందుకే ఈ పద్ధతిలో ఎక్కువ ఆయాసం వస్తుంది. కొత్తవారు నెమ్మదిగా అలవాటు చేసుకోవాలి.

1950వ దశకంలో ఇంగ్లండులోని లీడ్స్ విశ్వవిద్యాలయంలో మోర్గన్, ఆడమ్సన్ అనే ఇద్దరు ఇదే ఆలోచనను విస్తరించారు. కసరత్తులను వలయంగా అమర్చి, విద్యార్థులు ఒకదాని తర్వాత మరొకటి చేస్తూ చుట్టి వచ్చే ఏర్పాటు చేశారు. అదే 'సర్క్యూట్ శిక్షణ'. కొద్ది స్థలం, కొద్ది టైము, ఎక్కువమంది పిల్లలు ఉన్న బడులకు ఇది బాగా పనికివస్తుంది.

మూడు సెట్ల కథ

"మూడు సెట్లు, పదేసి సార్లు" అన్న మాట నేడు ప్రతి వ్యాయామశాలలోనూ వినిపిస్తుంది. దీని వెనక ఒక ఆసుపత్రి కథ ఉంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో షికాగోలోని గార్డినర్ సైనిక ఆసుపత్రిలో థామస్ డిలోర్మ్ అనే డాక్టరు ఉండేవాడు. మోకాళ్లు దెబ్బతిన్న సైనికుల తొడ కండరాలు ఎండిపోయి, కోలుకోవడానికి నెలలు పట్టేది. అంతవరకు వారికి తేలిక కసరత్తులే చేయించేవారు. డిలోర్మ్ ధైర్యంగా బరువులు ఎత్తించి, ఆ బరువును వారం వారం పెంచాడు. 1945లో ఫలితాలు ప్రకటించాడు. మొదట ఆయన చేయించినది పదేసి చొప్పున ఏడు నుంచి పది సెట్లు. 1948 నాటికి వాట్కిన్స్ అనే మరో డాక్టరుతో కలిసి అన్ని సెట్లు అక్కర్లేదని తేల్చాడు. రోగి పదిసార్లు ఎత్తగలిగిన బరువులో సగంతో ఒక సెట్టు, ముప్పాతికతో ఒకటి, పూర్తి బరువుతో ఒకటి. మొత్తం మూడే. పని తగ్గినా అమరిక బాగున్నందువల్ల ఫలితం తగ్గలేదు.

మరి విశ్రాంతి ఎంత? 2016లో ప్రచురితమైన ఒక అమెరికా పరిశోధనలో, అంతకు ముందే బరువులు ఎత్తే అలవాటున్న 21 మంది యువకులు ఎనిమిది వారాలు ఒకే రకం కసరత్తు చేశారు. కొందరు సెట్ల మధ్య ఒక నిమిషం, కొందరు మూడు నిమిషాలు ఆగారు. మూడు నిమిషాలు ఆగినవారిలోనే బలం ఎక్కువగా పెరిగింది. తొడ కండరాల మందమూ వారిలోనే ఎక్కువ పెరిగింది. తక్కువ ఆగితే ఎక్కువ కష్టంగా ఉంటుంది. కష్టం ఎక్కువైనంత మాత్రాన లాభం ఎక్కువ కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

కసరత్తుల వరుసకూ ప్రభావం ఉంది. మొదట చేసిన కసరత్తు బాగా సాగుతుంది, చివర చేసినది కుంటుపడుతుంది. కాబట్టి మీకు ఏది ముఖ్యమో దాన్ని ముందు పెట్టుకోండి.

సిడ్నీలో ఆరు ఎత్తులు

బరువులెత్తే పోటీల్లో ప్రతి ఒక్కరికీ స్నాచ్‌లో మూడు, క్లీన్ అండ్ జెర్క్‌లో మూడు అవకాశాలుంటాయి. పేరు పిలిచాక ఎత్తడానికి ఒక నిమిషం. అదే వ్యక్తి వెంటనే మళ్లీ ఎత్తవలసివస్తే రెండు నిమిషాలు. అంటే పోటీ మొత్తం ఆరు ఎత్తులు, వాటి మధ్య విశ్రాంతులు.

శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస ప్రాంతంలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో నిలబడింది. స్త్రీలకు ఒలింపిక్స్‌లో ఈ పోటీ పెట్టడం అదే మొదటిసారి. స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తింది. చివరి అవకాశంలో స్వర్ణం కోసం 137.5 కిలోలకు ప్రయత్నించింది గాని అది నిలవలేదు. కాంస్య పతకంతో, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది. స్వర్ణ, రజత పతకాలు పొందిన ఇద్దరూ ఎత్తినది 242.5 కిలోలు. తేడా రెండున్నర కిలోలే!

అంత చిన్న తేడా మీద ఫలితం ఆధారపడే చోట, ఏ ఎత్తుకు ముందు ఎంతసేపు తేరుకున్నారన్నది ఎంత విలువైనదో ఊహించండి. ఆడపిల్లలకు కసరత్తు దేనికి అనేవారు ఎవరైనా ఉంటే వారికి కూడా ఈ లెక్క చెప్పండి.

నేను చేసిన తప్పు

ఇప్పుడొక సంగతి చెప్పాలి. చెప్పడానికి నాకు సిగ్గుగానే ఉంది. అయినా మీకు మేలు చేస్తుందని చెబుతున్నాను.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, వేరే ఊళ్లో, ఒకరోజు వ్యాయామం పిరియడు నాకు అప్పగించారు. పిల్లల్ని ఉత్సాహపరచాలని "ఆగకుండా ఎవరు ఎక్కువ బస్కీలు తీస్తారో చూద్దాం" అన్నాను. ఒక్కొక్కరే కూర్చుండిపోయారు. ఒక కుర్రవాడు మాత్రం పంతం పట్టి తీస్తూనే ఉన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం. నేను కూడా కొట్టాను. అంతకు ముందు అతనికి కసరత్తు అలవాటే లేదన్న సంగతి నాకు తట్టలేదు.

రెండు రోజుల తర్వాత అతను బడికి రాలేదు. తొడలు వాచి లేవలేకపోతున్నాడనీ, మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తోందనీ తెలిసింది. ఆసుపత్రిలో చేర్చి సెలైన్ ఎక్కించారు. అదృష్టవశాత్తు కొద్దిరోజుల్లో కోలుకున్నాడు. అలవాటు లేని కండరానికి ఆగకుండా అతిగా పని చెబితే కండర కణాలు చిట్లి, వాటిలోని మయోగ్లోబిన్ అనే పదార్థం రక్తంలో కలుస్తుందనీ, అది మూత్రపిండాలను దెబ్బతీయగలదనీ డాక్టరు నాకు వివరించాడు. ఈ జబ్బు పేరు రాబ్డోమయోలిసిస్. వాళ్ల నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. "సార్, మీరు చూసుకుంటారనుకున్నాం" అన్నాడంతే. ఆ మాట నేను ఇప్పటికీ మరచిపోలేదు.

ఆగడం ఓటమి అని ఆ రోజు ఆ పిల్లవాడికి నేర్పినది నేనే. అందుకే ఈ పాఠం.

చేసి చూడండి

ఈ ప్రయోగానికి కావలసినవి: ఒక గడియారం, ఒక నోటుపుస్తకం, ఒక మిత్రుడు లేదా మిత్రురాలు. వ్యాయామ ఉపాధ్యాయుడు దగ్గరుంటే మంచిది.

1. ముందుగా మీరు శుభ్రంగా ఎన్ని దండీలు తీయగలరో తెలుసుకోండి. ఛాతీ కింద నేల మీద ఒక స్పాంజి డస్టరు పెట్టండి. ఛాతీ దానికి తగిలితేనే లెక్క. తగలకపోతే అక్కడే ఆపేయండి. కష్టమైతే మోకాళ్లు నేలకు ఆనించి తీయవచ్చు.

2. ఆ సంఖ్యలో సగం ఒక సెట్టు. మీరు 12 తీయగలిగితే సెట్టుకు 6.

3. మొదటి రోజు: మూడు సెట్లు, మధ్య 30 సెకన్ల విశ్రాంతి. రెండు రోజులు ఆగి, అవే మూడు సెట్లు 2 నిమిషాల విశ్రాంతితో. మళ్లీ రెండు రోజులు ఆగి, ఒక్కో సెట్టును రెండు ముక్కలు చేసి ఆరు చిన్న సెట్లు, మధ్య 48 సెకన్ల విశ్రాంతితో.

4. మీ మిత్రుడు రాయవలసినవి: డస్టరుకు తగిలిన దండీలు ఎన్ని, చివరి మూడు దండీలకు పట్టిన సెకన్లు ఎన్ని. మీరు చెప్పవలసినది: పదికి కష్టం ఎంత అనిపించింది?

ఒక్కో పద్ధతి ఒక్కసారే చేస్తే నిర్ణయానికి రాకండి. రోజుల వరుస మార్చి మళ్లీ చేయండి. ముందు రోజు నిద్ర తక్కువైనా, అన్నం తినకపోయినా ఫలితం మారిపోతుంది.

జాగ్రత్త: జ్వరం వచ్చి తగ్గిన వారంలో చేయవద్దు. గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవారు డాక్టరును అడగనిదే చేయవద్దు. ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం, కీళ్లలో పోటు కనిపిస్తే వెంటనే ఆపండి. మంచినీళ్లు దగ్గర పెట్టుకోండి. ఈ వయస్సులో ఎత్తగలిగినంత పెద్ద బరువు ఎత్తే పందేలకు ఎన్నడూ దిగవద్దు.

మరి ఎవరు గెలిచారు?

మరునాడు తరగతిలో ఆ ఇద్దరికీ నేను చెప్పిన జవాబు ఇది.

బలం పెరగాలంటే సెట్ల మధ్య రెండు మూడు నిమిషాలు ఆగండి. ప్రతి దండీ చురుగ్గా, నిండుగా ఉండాలంటే చిన్న సెట్లుగా విడగొట్టండి. టైము తక్కువైతే దండీలనూ బస్కీలనూ జతచేయండి. ఒకవేళ మీరు వెళ్లే పరీక్షలో ఆగకుండా చేసే అంశం ఉంటే, దాన్ని కూడా అప్పుడప్పుడు సాధన చేయాలి. కాని రోజూ అదే పనిగా కాదు. ఏదైనా సరే కొద్దిగా మొదలుపెట్టి వారం వారం పెంచండి.

"అయితే సార్, కూర్చున్న టైము గూడ లెక్కలోకి వస్తాదన్నమాట" అన్నాడు పొడుగువాడు.

"వస్తుంది. రేపటి నుంచి దండీలతో పాటు దాన్ని కూడా నోటుపుస్తకంలో రాయి" అన్నాను.

ఆలోచించండి

1. 75 కిలోల బస్తాను 1.2 మీటర్ల ఎత్తున్న లారీ మీదికి చేర్చడానికి చేసే కనీసపు పని ఎన్ని జౌళ్లు? వంద బస్తాలకు ఎంత? హమాలీ శరీరం ఇంతకన్నా చాలా ఎక్కువ శక్తిని ఎందుకు ఖర్చు చేస్తుంది?

2. తొట్టి లెక్కలో పదేసి దండీల మూడు సెట్లను 30 సెకన్ల విశ్రాంతితో చేస్తే, మూడో సెట్టు చివర తొట్టిలో ఎన్ని చెంబులు మిగులుతాయి? లెక్కలో సున్నా కంటే తక్కువ వస్తే దాని అర్థమేమిటి?

3. మీ ఊళ్లో బరువు పని చేసేవారిని గమనించండి. వారి పనిలో విశ్రాంతి ఎక్కడ దాగి ఉంది?